బిడ్డలకు క్రొత్త మందు – తల్లిదండ్రుల సంతకము
(కూకట్‌పల్లి సంఘ కూటమిలో చేసిన ప్రసంగము)



కొన్నియేండ్ల క్రితము ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, బాబు క్యాన్సరుకు పాత మందులు పనిచేయుట లేదు. క్రొత్త మందు పరీక్షలో చేర్చెదరా అని అడుగుచున్నారు. సంతకము చేయమందురా?" అనెను. "బిడ్డను ప్రయోగమునకు అప్పగింపకుము" అని తొందరపడి చెప్పితిని. ఆయన మానుకొనెను. ఆ బాబు నేడు మన మధ్య లేడు. ఆ మందు వానిని బ్రతికించియుండునో లేదో ఎవరికిని తెలియదు. విచారింపకయే సలహా ఇచ్చుట మాత్రము నా తప్పు.

తరువాత చదివి తెలిసికొంటిని. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిరి. రక్త క్యాన్సరు కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానికి అడ్డుపడు అమినాప్టెరిన్ అను మందును వారి బృందము తయారుచేసెను. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని బిడ్డలకిచ్చి 1948లో ఫలితము ప్రకటించెను. 16 మందిలో 10 మందికి మేలు కనబడెను. ఆ మేలు కొంతకాలమే నిలిచెను. అయినను ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికిని బిడ్డల రక్త క్యాన్సరుకు వాడబడుచున్నది.

ఇప్పటి మందులు మరింత గురిగలవి. కణములో ఏ జన్యువు మారినదో చూచి ఇత్తురు. 2018లో అమెరికాలో పెద్దలకును పిల్లలకును అనుమతి పొందిన లారోట్రెక్టినిబ్ అట్టిది. తగిన జన్యు మార్పు లేని బిడ్డకు దానివలన ప్రయోజనము లేదు. మరియు ఎదుగుచున్న శరీరమునకు ఎంత మోతాదు తగునో, ఏ కీడు కలుగునో పెద్దలను చూచి చెప్పజాలము. కనుకనే పిల్లలలో వేరుగా పరీక్షింపవలెను.

అయితే మొదటి దశ పరీక్ష ముఖ్యముగా క్షేమమైన మోతాదు తెలిసికొనుటకే. స్వస్థత కలుగునను హామీ అందులో లేదు. కావున సంతకమునకు ముందు అడుగుడి: ఇది ఏ దశ? నైతిక కమిటీ అనుమతి కలదా? హాని కలిగిన చికిత్స ఖర్చెవరిది? మధ్యలో మానుకొన్నను మామూలు వైద్యము సాగునా? భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకముల ప్రకారము 7 ఏండ్లు నిండిన బిడ్డ సమ్మతి కూడ అడుగవలెను.

ఒప్పుకొనిన తల్లిదండ్రులకు విశ్వాసము తక్కువనిగాని, ఒప్పుకొననివారికి ప్రేమ తక్కువనిగాని మనలో ఎవరును అనరాదు. ఇకమీదట నన్నడిగినవారికి చేయుమని చెప్పను, వద్దని చెప్పను. మీ ప్రశ్నలు కాగితముమీద వ్రాసికొని, వైద్యునియొద్దకు మీతోకూడ వచ్చి ప్రక్కన కూర్చుండెదను.