గొడ్లకు సూది వేయించారు, బిడ్డలకో?



తొలకరికి ముందు పశువుల డాక్టరు వచ్చాడంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఎద్దులను, బర్రెలను తోలుకొచ్చి గొంతువాపు టీకా వేయిస్తారు. మంచిదే. మరి ఇంట్లో బిడ్డ గొంతు సంగతేమిటి? సేద్యం చెప్పేవాడికి ఈ మాట ఎందుకంటారా? మన సేద్యమంతా బిడ్డల కోసమే కదా!

పిల్లలకు వచ్చే ఆ జబ్బు కంఠసర్పి. డాక్టర్లు డిఫ్తీరియా అంటారు. పశువుల గొంతువాపు వేరు, ఇది వేరు. దగ్గు, తుమ్ము తుంపరలతో అంటుకొని, సాధారణంగా 2 నుంచి 5 రోజుల్లో బయటపడుతుంది. మొదట కొద్దిపాటి జ్వరం, గొంతునొప్పి. తరువాత గొంతులో బూడిదరంగు పొర కడుతుంది, గొంతు బొంగురుపోతుంది, మెడ వాస్తుంది. పొర పెరిగితే ఊపిరాడదు. క్రిమి విడిచే విషం గుండెను, నరాలను పట్టుకుంటుంది. గొంతు నెమ్మదించిన తరువాత కూడా గుండె దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు.

కొందరు కొండనాలుక జారిందని వేలితో నొక్కిస్తారు, పసరు పోయిస్తారు. అది వద్దు. పొరను గీకితే నెత్తురు కారుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత అవుతుంది.

దీనికి విరుగుడు ఉన్నది. 1890లో బేరింగు, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు దాని దారి కనిపెట్టారు. 1901లో వైద్యానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగుకు దక్కింది. గుర్రం నెత్తురునుంచి తీసే ఈ మందు నెత్తురులో తిరిగే విషాన్నే అణచగలదు. అప్పటికే గుండెకు పట్టినదాన్ని వదిలించలేదు. అందుకే రేపు చూద్దామనకండి. ఈ మందు కొందరికి పడదు గనుక ఆసుపత్రిలోనే ఇవ్వాలి. దానితోపాటు పెన్సిలిన్ గాని ఎరిత్రోమైసిన్ గాని 14 రోజులు వాడతారు. ఇంట్లో మిగిలినవారికీ మందు ఇస్తారు. అనుమానం రాగానే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేర్చండి.

అంతదాకా రానివ్వకపోవడమే తెలివి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ సూది. 16-24 నెలల మధ్య ఒకసారి, 5-6 ఏళ్ళకు ఒకసారి డి.పి.టి.; 10, 16 ఏళ్ళకు టి.డి. అన్నీ ఉచితమే. గొర్రెల వెంట, కూలికి వలసపోయి ఒక సూది తప్పిందా? మళ్ళీ మొదటినుంచి అక్కరలేదు, మిగిలినవి వేయిస్తే చాలు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. పొలం చూడబోయినప్పుడు బిడ్డ టీకా కార్డు కూడా అడగండి.