మాటయే మందు

మానసిక చికిత్స యనగానే ఫ్రాయిడ్ పేరు తోచుట సహజము. కాని ఆ చికిత్సకు పేరు పెట్టినది ఒక రోగి.

1880లో వియన్నా నగరమున బెర్తా పాపెన్‌హైమ్ అను యువతి తండ్రికి శుశ్రూష చేయుచు తానే జబ్బుపడెను. కుడిచేయి చచ్చుపడెను. మాతృభాషయైన జర్మను మరచి ఆంగ్లమే పలుకసాగెను. మండువేసవిలో దాహము వేసినను గ్లాసు పెదవుల కానగానే త్రోసివేయుచు, ఆరువారములు పండ్లతో గడిపెను. డాక్టరు జోసెఫ్ బ్రాయర్ వశీకరణ నిద్రలో నుంచి చెప్పింపగా కారణము బయటపడెను. తనకు తోడుగా నున్న ఆంగ్లవనిత పెంపుడుకుక్క గ్లాసులో నీరు త్రాగుట చూచి, మర్యాదకై ఆ ఏవగింపును దిగమ్రింగెనట! చెప్పిన వెంటనే నీరడిగి త్రాగెను. ఈ పద్ధతికి ఆమెయే ఆంగ్లమున 'టాకింగ్ క్యూర్', అనగా మాటల చికిత్స, యని పేరిడెను.

1895లో బ్రాయర్, ఫ్రాయిడ్‌లు ప్రకటించిన గ్రంథమున ఆమె మారుపేరు అన్నా ఓ. అందు వ్యాధి నయమైనట్లే యున్నది. నిజమునకు 1882లో ఆమె స్విట్జర్లాండున ఆరోగ్యశాలలో చేరవలసివచ్చెను. శాస్త్రగ్రంథములును ఒక్కొక్కప్పుడు నాటకములవలె సుఖాంతములగును! పిదప కోలుకొని, 1904లో జర్మనీలో యూదు మహిళాసమాజమును స్థాపించెను. తన సంరక్షణలోని బాలికలకు మాత్రము మనోవిశ్లేషణ చికిత్సను ఒల్లదయ్యెను.

ఫ్రాయిడ్ వశీకరణమును విడిచి, రోగికి తోచినదెల్ల చెప్పనిచ్చి వినెను. మాటలాడుటయే వృత్తిగా గల మాకు ఆ ఓర్పు అబ్బురమే. 1960వ దశకమున అమెరికాలో ఆరన్ బెక్ ఫ్రాయిడ్ సిద్ధాంతములతో విభేదించెను గాని, మాటను విడువలేదు. దుఃఖము కలిగిన క్షణమున మనసులో మెదలిన తలపేమని రోగినడిగి, అది నిజమో కాదో అతనిచేతనే పరీక్షింపజేసెను.