88 మంది వాద్యకారులు, ఒక బొంగురు గొంతు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



వంటింటి పని ఒక కొలిక్కి వచ్చి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు పాప్ సంగీతం గురించి మాట్లాడతానంటే, "ఆ గోల మాకెందుకండీ, ఇంట్లో పిల్లలు పెట్టే మోత చాలదూ?" అని మీలో కొందరైనా అనుకుంటారు. నేనూ మొన్న మొన్నటి వరకూ అలాగే అనుకునేదాన్ని. కాని ఇవాళ నేను చెప్పబోయేది మోత గురించి కాదు, ఒక గొంతు గురించి. రోజురోజుకీ బొంగురుపోతున్న గొంతుతో, వెనక 88 మంది వాద్యకారులు కూర్చుని వుండగా, వేలాది మంది ఎదుట పాడిన ఒక మనిషి గురించి.

ఆయన పేరు ఎల్టన్ జాన్. ఇంగ్లండు దేశస్థుడు. పుట్టినది 1947లో, తల్లిదండ్రులు పెట్టిన పేరు రెజినాల్డ్ డ్వైట్. డయానా యువరాణి అంత్యక్రియలు 1997లో జరిగినప్పుడు చర్చిలో పియానో ముందు కూర్చుని ఒక పాట పాడాడు చూడండి, ఆయనే. టెలివిజన్‌లో మీలో చాలామంది చూసే వుంటారు. ఆ పాట సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

చిన్నప్పుడే పియానో బాగా వాయిస్తుంటే, పదకొండో ఏట లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చోటు దొరికింది. శనివారం శనివారం వెళ్లి శాస్త్రీయ సంగీతం నేర్చుకునేవాడు. అంటే పాప్ పాటలు పాడినా, పునాది మాత్రం శాస్త్రీయమే అన్నమాట. మన సినిమాపాటల వాళ్లలో కర్ణాటక సంగీతం నేర్చిన వాళ్లు లేరూ, అలాగే. పాట రాయడం ఈయన పని కాదు. బెర్నీ టాపిన్ అనే మిత్రుడు పాట రాసి ఇస్తే, ఆ కాగితం పియానో మీద పెట్టుకుని ఈయన వరస కడతాడు. మన సినిమాల్లో వరస ముందు, పాట తర్వాత అవుతున్నదని కవులు వాపోతుంటారు కదా. వీరిద్దరి మధ్య మాత్రం మొదటినుంచీ పాటే ముందు.

సరే, అసలు విషయానికి వస్తాను. 1986 నవంబరు, డిసెంబరు నెలల్లో ఎల్టన్ జాన్ ఆస్ట్రేలియా దేశమంతా తిరిగి కచేరీలు చేశాడు. పూర్వార్ధంలో తన సొంత బృందంతో గిటార్లూ, డ్రమ్ములూ. ఉత్తరార్ధంలో మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా వచ్చి చేరేది. 1906లో మొదలైన పాత సంస్థ అది. పెద్ద పెద్ద జర్మన్, ఆస్ట్రియన్ విద్వాంసుల కృతులు వాయించే బృందం. వాళ్లు పాప్ గాయకుడికి పక్కవాద్యం వాయించడమేమిటని మీకు సందేహం రావచ్చు. ఆ సందేహం అప్పుడు అక్కడివాళ్లకీ వచ్చింది.

సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ముందు వరసల్లో వయొలిన్లు, వాటికన్నా కొంచెం పెద్దవైన వయోలాలు, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే సెల్లోలు, మనిషికన్నా ఎత్తు వుండే డబుల్ బాసులు. వీళ్లే సగానికి పైగా వుంటారు. వీళ్ల వెనక పిల్లనగ్రోవి జాతి వాద్యాలు, మన సన్నాయికి దూరపు చుట్టమైన ఓబో, ఆ వెనక ఇత్తడి బూరలు, అన్నిటికన్నా వెనక డోళ్లు. కచేరీకి ముందు ఓబో వాయించే మనిషి ఒక స్వరం పట్టి నిలుపుతాడు. అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. తంబురా లాగా కచేరీ పొడుగునా శ్రుతి వినిపించే ఏర్పాటు వాళ్లకు లేదు. ఆ తర్వాత ఎవరి కాగితం వాళ్ల ముందు. వయొలిన్ల వరసలో కమాన్లన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. చూడటానికి వరిచేను గాలికి వూగినట్లుంటుంది.

ఇక్కడే వుంది చిక్కంతా. మన కచేరీలో గాయకుడు ఎటు పోతే వయొలిన్ అటు పోతుంది. ఆయన నెరవులో ఒక పంక్తిని పదిసార్లు తిప్పితే, వయొలిన్ ఆ పదిసార్లూ వెంట వుంటుంది. ఆయనకు దగ్గు వచ్చి ఆగితే, మృదంగం ఒక ఆవర్తం సర్దేస్తుంది. పక్కవాద్యం పాపం ఇల్లాలి లాంటిది, ఎదుటివాళ్ల ముఖం చూసి సర్దుకుపోతుంది. పాప్ బృందం కూడా ఇంచుమించు అంతే. నలుగురైదుగురే కనక కనుసైగతో సరిపోతుంది. 88 మంది కాగితం చూసి వాయించే చోట అలా కుదరదు. మూడో పంక్తి తర్వాత నాలుగోది రావలసిందే. ఊపిరి అందలేదని గాయకుడు ఒక్క క్షణం ఆగితే వయొలిన్ల వరస ఆగదు, దాటి వెళ్లిపోతుంది.

వాళ్లను నడిపేవాడు ఒక్కడే, చేతిలో పుల్ల పట్టుకుని ఎదురుగా నిలబడే కండక్టర్. పాప్ బృందాన్ని నడిపేదేమో డ్రమ్ము. ఈ రెండిటినీ కలిపి కూర్చోబెడితే లయకు యజమాని ఎవరు? పైగా ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. ఇరవై మీటర్ల దూరాన కూర్చున్న బూరవాడికి డ్రమ్ము దెబ్బ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వినిపిస్తుంది. అతను చెవిని నమ్మితే వెనకబడతాడు. కంటిని నమ్మి పుల్లనే చూడాలి.

శబ్దం సంగతి మరీ కష్టం. సింఫనీ వాద్యాలకు మైకు అక్కర్లేదు. వాటి కోసమని కట్టిన చెక్క మందిరాల్లో వాటి నాదం దానంతట అదే నిండుతుంది. కాని సిడ్నీలో ఈ కచేరీ జరిగిన ఎంటర్‌టెయిన్‌మెంట్ సెంటర్ పన్నెండు వేల మంది పట్టే పెద్ద కొట్టం. (ఇప్పుడది లేదు లెండి, 2016లో పడగొట్టేశారు.) అంతచోట, డ్రమ్ముల పక్కన, వయొలిన్ ఎవరికి వినిపిస్తుంది? వాద్యాలకు మైకులు పెట్టాలి. పెడితే ఆ మైకులోకి వయొలిన్‌తో పాటు పక్కనున్న డ్రమ్మూ దూరుతుంది, లౌడ్‌స్పీకర్ శబ్దమూ దూరుతుంది. పెళ్లిపందిట్లో మైకు ఒక్కసారి కీచుమని చెవులు చిల్లులు పొడుస్తుంది చూడండి, అక్కడా అదే ప్రమాదం. ఒక్క మైకుతో మనవాళ్లు పడే అవస్థ మనం చూస్తున్నాం. అక్కడ డజన్ల కొద్దీ మైకులు.

ఇంత తంటా ఎందుకు పడ్డాడూ అంటే, దానికి పదహారేళ్ల వెనక కథ వుంది. 1970లో ఆయనకు పేరు తెచ్చిన ఆల్బంకు పాల్ బక్‌మాస్టర్ అనే యువకుడు వాద్యరచన చేశాడు. స్వయంగా సెల్లో విద్వాంసుడు. సెల్లోలకు, వయొలిన్లకు ఆయన రాసిన భాగాలు పాటకు అంచులాగా కాకుండా, నేతలోనే కలిసిపోయి వుంటాయి. ఆ పాటల్లో ఒకటి, అరవై ఏళ్లు గడిచాక తన గతి ఏమవుతుందోనని తలపోసే పాట. రాసినవాడికీ పాడినవాడికీ అప్పటికి పాతికేళ్లయినా లేవు! కాని దేశం మీద తిరిగి పాడేటప్పుడు అంత బృందాన్ని వెంట తీసుకుపోగలరా? ముగ్గురు నలుగురితో సర్దుకునేవాడు. రికార్డులో వున్న పాట ఒకటి, జనం ఎదుట వినిపించే పాట మరొకటి అయిపోయింది. 1972లో లండన్‌లో ఒకసారి రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కచేరీ చేశాడు గాని, అది ఆయన మనసుకు పట్టినట్లు రాలేదు. మళ్లీ 1986 దాకా ఆగవలసి వచ్చింది.

ఈసారి మంచి పని ఒకటి జరిగింది. కండక్టర్ స్థానంలో నిలబడినది జేమ్స్ న్యూటన్ హోవర్డ్. తర్వాత హాలీవుడ్ సినిమాలకు సంగీతం చేసి చాలా పేరు తెచ్చుకున్నాడు. అంతకుముందు, 1970లలో, ఎల్టన్ జాన్ బృందంలోనే కీబోర్డు వాయించేవాడు. ఆయన పాటలకు వాద్యరచన కూడా చేశాడు. అంటే ఈ గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ మాట దగ్గర సాగదీస్తాడో, పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి. కాగితం వదలని 88 మందికీ, కాగితం చూడని ఒక్కడికీ మధ్య నిలబడటానికి అంతకన్నా తగినవాడు దొరకడు. నన్నడిగితే ఈ కచేరీ నిలబడటంలో సగం పుణ్యం ఆయనదే.

గాయకుడి వేషం సంగతి చెబితే మీరు నవ్వుతారు. సింఫనీవాళ్లు నల్లకోట్లతో బుద్ధిగా కూర్చుంటే, ఎల్టన్ జాన్ తెల్లటి సవరం జుట్టు, జరీ కోటు వేసుకుని పద్ధెనిమిదో శతాబ్దపు మొజార్ట్‌లాగా వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. అది ఎగతాళో, భక్తో నాకు తెలియదు. రెండూ కావచ్చు.

కాని ఆ వేషం లోపల మనిషి బాధలో వున్నాడు. పర్యటన సాగుతున్నకొద్దీ గొంతు పాడవుతూ వచ్చింది. దగ్గు, బొంగురు, పై స్థాయి అందకపోవడం. గొంతులో స్వరతంత్రులని రెండు సన్నని మడతలుంటాయి. అవి సెకనుకు వందలసార్లు ఒకదానికొకటి తాకుతుంటేనే మాటైనా పాటైనా. చెప్పు కరిచిన చోట కాలికి ఆనెకాయ కట్టినట్లే, వాటిని అదేపనిగా వాడితే వాటి మీదా కాయలు కడతాయి. పాటగాళ్లకే కాదు, బడిపంతుళ్లకూ, వీధుల్లో కేకలేసి అమ్ముకునే వాళ్లకూ వస్తాయి. మేడమీంచి పిల్లల్ని పిలిచే మనకూ రావచ్చు. తొలిదశలో గొంతుకు విశ్రాంతి ఇస్తే చాలావరకు నయమవుతాయి. వారాల తరబడి తగ్గని బొంగురును మాత్రం మిరియాల కషాయంతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కోసారి అవి మామూలు కాయలు కాకపోవచ్చు. ఎల్టన్ జాన్ విషయంలోనూ ఆ భయమే వచ్చింది, కాన్సరేమోనని.

డిసెంబరు 14, సిడ్నీలో చివరి కచేరీ. దాన్ని రికార్డు చేస్తున్నారు. ఆస్ట్రేలియా టెలివిజన్‌లో జరుగుతుండగానే ప్రసారం. తప్పుపోతే దేశమంతా చూస్తుంది.

ఆ రికార్డు ఇప్పుడు ఎవరైనా ఫోనులో కూడా వినవచ్చు. నేను రెండు మూడుసార్లు శ్రద్ధగా విన్నాను. గొంతు గరగరలాడుతూనే వుంటుంది. వెనకటి రికార్డుల్లో సన్నగా పైకి లేచే చోట్ల, ఇక్కడ స్వరాన్ని కిందికి తిప్పుకుంటాడు. అలా తిప్పిన చోట వయొలిన్లు మాత్రం కాగితం ప్రకారం పైకే వెళతాయి. గాయకుడు అందుకోలేని ఎత్తును వాద్యం అందుకుంటుంది. ఇది ఎవరూ ఏర్పాటు చేసింది కాదు, కాగితం మారదు కనక జరిగింది. క్షమించమని అడగటమే అన్నిటికన్నా కష్టమైన మాట అనే అర్థం వచ్చే పాట ఒకటుంది అందులో. (మగవాళ్లు రాసి పాడుకున్నారు కాబట్టి నిజమే చెప్పారనుకోవాలి!) 1976లో వచ్చిన మొదటి రికార్డులో అది నున్నగా వుంటుంది. సిడ్నీలో పాడినది వింటే, ఆ మాట నిజంగానే గొంతులో అడ్డం పడుతున్నట్లుంటుంది. నాకు ఇదే నచ్చింది. మొదటిదే మేలనేవాళ్లూ వున్నారు, వాళ్లతో నేను తగువుకు పోను.

ఇందులో ఒక తమాషా కూడా వుంది. ఈ కచేరీ రికార్డు 1987లో ఆల్బంగా వచ్చింది. అందులోంచి లోకమంతా పాకిన పాట ఏది? మార్లిన్ మన్రో అనే సినిమా నటిని తలచుకుంటూ 1973లో చేసిన "కాండిల్ ఇన్ ద విండ్", గాలిలో దీపం అన్నమాట. ఈ సిడ్నీ గొంతుతోనే 1988లో ఇంగ్లండులో అయిదో స్థానం దాకా వెళ్లింది. ఆ పాటలో మాత్రం సింఫనీ ఆర్కెస్ట్రాకు పని లేదు. దాదాపు ఒక్క పియానో, ఒక్క గొంతు, అంతే. మనకు రికార్డులో చెవులే గతి గాని, అంతటి నాదం తర్వాత ఆ నిశ్శబ్దం ఎలా వుండి వుంటుందో ఊహించుకోండి. 1997లో డయానా కోసం మాటలు మార్చి పాడినది కూడా ఈ పాటే.

ఆ కచేరీ అయిన కొద్దివారాలకే, 1987 జనవరిలో, ఆస్ట్రేలియాలోనే గొంతుకు ఆపరేషన్ జరిగింది. కాన్సరు కాదని తేలింది. కొన్నాళ్లు మాట్లాడకుండా వుండి, కచేరీలు మానుకుని, నెమ్మదిగా కోలుకున్నాడు. కాని తిరిగి వచ్చిన గొంతు ఆ పాత గొంతు కాదు. మంద్రం బలపడింది, లావెక్కింది. చిన్నతనంలో సన్నగా పైకి ఎగిరిన ఆ స్వరం మళ్లీ రాలేదు. ఆయన మాత్రం దానికేమీ దుఃఖపడలేదు. కొత్త గొంతే తనకు ఎక్కువ నచ్చిందని చెప్పుకున్నాడు. ఆ గొంతుతోనే మరో ముప్పై ఆరేళ్లు ఊళ్లు తిరిగి, 2023 జూలైలో స్టాక్‌హోమ్‌లో పర్యటనలకు స్వస్తి చెప్పాడు.

ఇంట్లో పిల్లల్ని అడిగితే ఆ సిడ్నీ కచేరీ వెతికి పెడతారు. మొదట అరవై ఏళ్ల పాట వినండి, ఆర్కెస్ట్రా ఏమిటో తెలుస్తుంది. ఆ వెంటనే దీపం పాట వినండి. నా సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు.