చేరువలో ఉండవలసిన చేయూత
(ప్రసంగ పాఠం)



ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో భన్‌పురి ఒక పారిశ్రామిక ప్రాంతం. అటువంటి వాడలో ఒక కార్మిక కుటుంబాన్ని ఊహించండి. నాలుగేళ్లు నిండినా బిడ్డకు మాట రాలేదు. "మేనమామకూ ఆలస్యంగానే వచ్చింది, అదే వస్తుందిలే" అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. బడిలో వేశాక ఆ బిడ్డకు 'మొద్దు' అనే పేరు స్థిరపడుతుంది. ఈ మధ్య గడిచిన కాలమే ఆ బిడ్డకు జరిగిన అసలు నష్టం.

ఇక్కడ రెండు స్థితులను వేరుచేసి చూడాలి. మేధో వైకల్యంలో గ్రహణశక్తితో పాటు నిత్యకృత్యాలను నేర్చుకోవడం కూడ మందగిస్తుంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యంలో తెలివికి లోటుండదు. చదవడంలోనో, వ్రాయడంలోనో, లెక్కలలోనో మాత్రమే బిడ్డ తడబడతాడు. మొదటిదానికి శైశవంలోనే శిక్షణ ఆరంభం కావాలి. రెండవది సాధారణంగా బడిలో చేరాక గాని బయటపడదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఇద్దరు బిడ్డలకూ అన్యాయమే.

ఈ రంగంలో తెలుగునాటికీ ఛత్తీస్‌గఢ్‌కూ ఒక బంధముంది. 1984లో సికింద్రాబాదులో స్థాపితమైన జాతీయ సంస్థ ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థగా వ్యవహరింపబడుతున్నది. రాయపూర్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్న రాజనందగాఁవ్ సంయుక్త ప్రాంతీయ కేంద్రం ఈ సంస్థ ఆధ్వర్యంలోనే పనిచేస్తున్నది. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల శైశవదశ చికిత్సా కేంద్రాలు ప్రారంభమైనప్పుడు సికింద్రాబాదు, నెల్లూరులతో పాటు రాజనందగాఁవ్‌కూ స్థానం లభించింది.

భాష విషయం ప్రత్యేకంగా గమనింపదగినది. ఇంట తెలుగో, ఒడియానో, ఛత్తీస్‌గఢీయో మాట్లాడే బిడ్డ హిందీ బడిలో చేరి వెనుకబడితే, అది వైకల్యమా, భాష అలవడకపోవడమా? ఇంటి భాషలో కూడ పరీక్షించి, తల్లిని అడిగి తెలుసుకుంటే తప్ప తేలదు. బహుభాషల దేశంలో సమైక్యత అన్న మాటకు అర్థం ఇటువంటి చిన్న గదిలో, ఒక బిడ్డ ఎదుట పరీక్షకు నిలుస్తుంది.

చట్టం వెనుకబడి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పైన చెప్పిన రెండూ అందులో ఉన్నాయి. నిర్దేశించిన మేరకు వైకల్యం ఉన్న 6 నుండి 18 ఏళ్లలోపు వారికి, సమీపంలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని, ఉచిత విద్యకు హక్కు ఇచ్చింది. 1999 నాటి జాతీయ న్యాస చట్టం పరిధిలోని మేధో వైకల్యం గలవారికి 'నిరామయ' పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది.

పద్ధెనిమిదేళ్లు నిండిన తరువాత ఏమిటి? తల్లిదండ్రులను రాత్రివేళ నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. "మా తరువాత వీడి కెవరు?" అని వారు అడుగుతారు. జాతీయ న్యాస చట్టం ప్రకారం జిల్లా స్థాయి సంఘం సంరక్షకుని నియమించగలదు. కాని సంరక్షకుడు ఒక్కడే చాలడు. చేయదగిన పని, పగటివేళ గడపడానికొక చోటు, పేరుతో పలకరించే ఇరుగుపొరుగు కూడ కావాలి. సంచులు కుట్టడం, సరకులు పొట్లాలు కట్టడం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడదీసి నేర్పితే, పలువురు వాటిని శ్రద్ధగా చేయగలరు. కర్మాగారాలున్న చోట ఇట్టి పనులకు కొరత ఉండనక్కరలేదు.

డెబ్బై కిలోమీటర్లు పెద్ద దూరం కాదని మ్యాపు చెబుతుంది. దినకూలీ తల్లికి మాత్రం ఒక్కొక్క ప్రయాణం ఒక రోజు కూలి. చికిత్స వారం వారం జరగవలసినది. ఒక్కనాటితో ముగిసేది కాదు. కనుక పెద్ద కేంద్రంలోని విద్య వాడలోని అంగన్‌వాడీకి, ప్రాథమిక పాఠశాలకు దిగిరావాలి. అనుమానించదగిన లక్షణాలను అంగన్‌వాడీ కార్యకర్త గుర్తించాలి. ఉపాధ్యాయుడు 'మొద్దు' అన్న మాటను మానుకోవాలి. ఇంటివద్ద చేయించవలసిన అభ్యాసాలను తల్లికి ఆమె భాషలో నేర్పాలి.

హక్కు ఢిల్లీలో పుట్టవచ్చు, విద్య సికింద్రాబాదులో పెరగవచ్చు. అవి భన్‌పురి వంటి వాడలో ఒక గుమ్మం దాకా నడిచి వచ్చిన నాడే సార్థకమవుతాయి.