లెడ్జరు వచ్చింది, సరుకు రాలేదు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు మాట్లాడారు. వాటి తర్వాత పాటల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. వంటశాల నుంచి సాంబారు వాసన వస్తున్నప్పుడు ఉపన్యాసం చెప్పేవాడి అవస్థ నాకు తెలుసు. పైగా చెప్పబోయేది నా తెలివితక్కువతనం గురించి. కాబట్టి క్లుప్తంగానే ముగిస్తాను.

మీలో చాలామందికి తెలుసు, నేను సర్వీసంతా స్టోర్సు సెక్షనులోనే చేశాను. పుస్తకంలో ఉన్న బ్యాలెన్సు వేరు, గోడౌనులో నేల మీద ఉన్న బ్యాలెన్సు వేరు అని ముప్పై ఏళ్లు కుర్ర గుమాస్తాలకు పాఠం చెప్పినవాణ్ణి. 2004లో పదవీ విరమణ చేశాక ఆ పాఠం నేనే మరిచిపోయాను.

2010లో మా అబ్బాయి ఒక కంప్యూటరు కొనిచ్చాడు. అప్పటికి మా ఇంట్లో నూట నలభై దాకా కేసెట్లు ఉండేవి. కొన్నిటి టేపు బూజు పట్టింది, కొన్నిటి నుంచి గోధుమరంగు పొడి రాలుతోంది. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని కూర్చున్నాను. పని తెలిస్తే కష్టమేమీ కాదు. టేప్ రికార్డరులో ఇయర్‌ఫోను పెట్టే రంధ్రం నుంచి కంప్యూటరు వెనక ఉన్న నీలంరంగు రంధ్రానికి ఒక వైరు కలపాలి. ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, అది రికార్డు చేసుకుంటుంది. దగ్గర దారి మాత్రం లేదు. సి-60 కేసెట్టు అయితే గంటసేపూ తిరగాల్సిందే, మనం పక్కన కూర్చోవాల్సిందే. ఒక్కో కేసెట్టుకు ముందు దూదికి స్పిరిటు అద్ది హెడ్డు తుడిచేదాన్ని నేనూ చూసుకుంటానని మా ఆవిడ ముందుకు వచ్చింది. రెండు చలికాలాలు ఇద్దరం అదే పని చేశాం. ఎంపీ3గా మారిస్తే మామూలు నాణ్యతలో నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది. బీరువా నిండా ఉన్న కేసెట్లు వేలెడంత పెన్‌డ్రైవులో పట్టేశాయి.

తర్వాత సీడీలు, మిత్రులిచ్చినవి కూడా చేరి 2,316 అయ్యాయి. వాటన్నిటినీ విన్‌యాంప్‌లో ఒక పెద్ద జాబితాగా పెట్టుకున్నాను. ఉదయం భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమాలు, రాత్రి వేణువు, వీణ. మా ఆవిడ 2018లో పోయాక ఆ జాబితాయే నాకు ఇంట్లో రెండో మనిషి అయింది.

కిందటేడు, అంటే 2025లో, పాత కంప్యూటరు హార్డు డిస్కు టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అబ్బాయి కొత్తది పంపించాడు. నేను స్వయంగా మ్యూజిక్ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కొత్తదాంట్లో అదే చోట, అదే పేరుతో దింపాను. జాబితానూ తెచ్చాను. తెరవగానే 2,316 పేర్లూ కనబడ్డాయి. మొదటి నాలుగైదు పాటలు నొక్కి చూశాను, పలికాయి. పాత పెట్టెను మా వీధి చివర కంప్యూటరు షాపుకు ఇచ్చేసి, డిస్కు తుడిచి ఎవరైనా బీద పిల్లవాడికి పనికొచ్చేలా చేయమని చెప్పి వచ్చాను. పుణ్యకార్యం చేశానని గర్వం కూడా కలిగింది.

మహర్నవమి నాడు మా మరదలు వచ్చింది. దీపం పెట్టాక, "బావగారూ, అక్కయ్య హారతి పాట పెట్టండి" అంది.

1988 శ్రావణంలో, మా పాత టూ-ఇన్-వన్‌లో, మా ఆవిడ పాడగా నేను పట్టిన పాట అది. మా అత్తగారి నుంచి వచ్చింది. మరెక్కడా ఎవరూ పాడగా వినలేదు. జాబితాలో పేరు ఉంది. నొక్కాను. మౌనం. మళ్లీ నొక్కితే పక్క పాటలోకి వెళ్లిపోయింది. తెర మీద "ఇంటివి" అని ఫోల్డరు బొమ్మ ఉంది కదా, దాన్ని నొక్కాను. ఆ వస్తువు ఆ చోట లేదని ఇంగ్లీషులో చెప్పింది.

విషయం ఏమిటంటే, మ్యూజిక్ ఫోల్డరు పాతదాంట్లో సీ డ్రైవులో ఉండేది. "ఇంటివి" మాత్రం జాగ్రత్త కోసమని నేనే డీ డ్రైవులో పెట్టాను. తెర మీద ఉన్నది దానికి దారి చూపించే షార్ట్‌కట్టు మాత్రమే. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు. నేను దాన్ని కాపీ చేసి ఫోల్డరే తెచ్చాననుకున్నాను. జాబితా కూడా అంతే. అందులో పాటలుండవు, ఏ పాట ఎక్కడ ఉందో రాసిన చిరునామాలు మాత్రమే ఉంటాయి. లెడ్జరును భద్రంగా మోసుకొచ్చి, ఒక గోడౌనును వదిలేసి వచ్చాను. తర్వాత లెక్క చూస్తే నేల మీద 2,269. తక్కువ 47.

ఆ నలభై ఏడులో మా అమ్మ పాడిన తులసి పాట, అబ్బాయి మూడో తరగతిలో ముద్దుముద్దుగా చెప్పిన పద్యాలు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని నుంచి తెల్లవారుజామున పట్టుకున్నవి ఉన్నాయి. కేసెట్లు ఏనాడో పారేశాం. ఘంటసాలగారు 1974లోనే వెళ్లిపోయినా ఆయన భగవద్గీత ఈనాటికీ ఏ ఫోనులో అడిగినా వస్తుంది. మా ఆవిడ హారతి ఏ ఫోనులో వస్తుంది?

షాపాయనకు ఫోను చేశాను. "తుడిచేయమని కుర్రాడికి చెప్పాను సార్, చేశాడో లేదో తెలియదు. పండగ కదా, షాపు ఎల్లుండి తీస్తాం" అన్నాడు. ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. మరదలు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడో రోజు తలుపు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. లోపల గోడవారగా రిపేరుకొచ్చిన పెట్టెలన్నీ వరసగా ఉన్నాయి. ఆయుధపూజకని పని ఆపి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. నాదానికీ బొట్టు ఉంది. కుర్రాడు, "ఇంకా ముట్టుకోలేదు తాతగారూ" అన్నాడు. వాడికి నూట పదహార్లు ఇచ్చాను. వద్దంటే జేబులో పెట్టాను.

అక్కడే కూర్చుని విన్నాను. ఆరు నిమిషాలు. మధ్యలో కుక్కరు కూత, చివర "ఇంక ఆపండి, పాలు పొంగుతున్నాయి" అని ఆవిడ గొంతు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేశారు కనుక మీలో చాలామందికి పిల్లలు కొత్తవి కొనిస్తూ ఉండి ఉంటారు. కాబట్టి రెండు మాటలు. పాతదాంట్లో ఎన్ని డ్రైవులుంటే అన్నీ తెరిచి చూడండి. ఫోల్డరు మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ చూస్తే ఎన్ని ఫైళ్లో, ఎన్ని బైట్లో చెబుతుంది. రెండు చోట్లా ఆ అంకెలు కాగితం మీద రాసి కలిపి చూడండి. మన మిత్రులొకరు సీడీలన్నీ ఒకే ఫోల్డరులోకి దింపారు. అన్నిట్లోనూ "ట్రాక్ 01" అనే పేరే. "దాని బదులు ఇది పెట్టమంటారా" అని కంప్యూటరు అడిగిన ప్రతిసారీ ఆయన మర్యాదగా సరేనన్నారు. చివరికి ఒక్క సీడీ మిగిలింది! బయటి పాటల కంటే ముందు ఇంటి గొంతులు తీయండి. వాటిని రెండు చోట్ల ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో పిల్లల దగ్గర. కొత్తది నెల రోజులు వాడేవరకు పాతదాన్ని గడప దాటించకండి.

నా టేప్ రికార్డరు ఇంకా తిరుగుతోంది. వైరు ఉంది, స్పిరిటు ఉంది. ప్రతి రెండో శనివారం సాయంత్రం సంఘం ఆఫీసులో కూర్చుంటాను. మీ ఇళ్లలో అటక మీద కేసెట్లుంటే తెచ్చుకోండి, పైన పేరు రాసి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.