ఆయాసం ఉన్నా అడుగు ఆపవద్దు

(పాల ఉత్పత్తిదారుల సంఘం మహాజన సభలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



సంఘం పద్దుల సంగతి అయింది. ఇక మా సంగతి ఒకటి మనవి చేస్తాము.

మా ఊపిరితిత్తులకు సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలిక జబ్బు ఉన్నదని డాక్టరు తేల్చి మూడేళ్లయింది. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన ఫలం. ఆయాసానికి భయపడి నడక మానేశాము. తనిఖీకి వచ్చినా కుర్చీ దిగక, వెన్న పరీక్ష కళ్లారా చూడకుండానే రిజిస్టరులో సంతకం చేసిన రోజులున్నాయి. అది మీకు చేసిన అపచారమే.

కూర్చున్నకొద్దీ ఆయాసం పెరిగింది. కాళ్ల కండరాలు నీరసిస్తే అదే పనికి ఎక్కువ గాలి కావలసి వస్తుంది. నడక పాడైన ఊపిరితిత్తిని బాగుచేయదు. కండరాలను బలపరచి, ఉన్న గాలితోనే పని జరిపిస్తుంది.

డాక్టరు సలహాతో, చదునైన బాటపై రోజూ 5 నిమిషాలతో ఆరంభించి మెల్లగా 20, 30 నిమిషాలకు పెంచాలి. నడుస్తూ మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్లే. ముక్కుతో రెండు అంకెలు లెక్కించేదాకా పీల్చి, ఈల వేసినట్లు పెదవులు కుదించి నాలుగు లెక్కించేదాకా వదలాలి. క్యాను ఎత్తేటప్పుడు గాలి వదులుతూ ఎత్తాలి. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి డాక్టరుకు చూపించుకోవాలి.

పొగ తాగడం మానడమే మొదటి మందు. పిడకల పొయ్యి పొగవల్ల ఆడపడుచులకూ ఈ జబ్బు వస్తుంది. వయసు వల్లనే అనుకొని ఊరుకోక పరీక్ష చేయించుకోండి.

ఈ రోజు బస్సు దిగి, రెండుచోట్ల ఆగుతూ నడిచే వచ్చాము. రేపు ఉదయం మీరు పాలు పోసేవేళకు పరీక్ష బల్ల దగ్గర నిలబడి ఉంటాము. సెలవు.