ఎవరి పలక వారిదే



ఏకోపాధ్యాయ పాఠశాలలో ముప్పదియేండ్లు పిల్లలచే పలకలు దిద్దించినవాడను. అట్టి నేను కంప్యూటరును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. గత సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన మా మనుమడు తన కొలువులో జరిగిన యొక వృత్తాంతము చెప్పెను. అది నా మనస్సును కలచివైచినది. వానిని విడువక యడిగి తెలిసికొన్న సంగతిని మీకు విన్నవించెదను.

వాడు పనిచేయుచోట ఖాతాలు సరిచూచు ప్రోగ్రామొకటి కలదు. అది సీ భాషలో వ్రాయబడినది. ఆ భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీగారు 1972 ప్రాంతమున నిర్మించిరి. ఒక ప్రోగ్రాములోనే పలువురు పనివాండ్రు ఏకకాలమున పనిచేయునట్లు ఏర్పాటు చేయవచ్చును. అట్టి పనివానిని థ్రెడ్ అందురు. ఆ మాటకు దారమని యర్థము.

ఒకనాడా ప్రోగ్రాము “37వ ఖాతాలో దోషము” అని వ్రాసి నిలిచిపోయినది. ఆ ఖాతా నెక్కించిన యువకుని పైవారు రెండుదినములు నిలదీసిరి. తన లెక్క సరియైనదని అతడెంత మొఱపెట్టుకొన్నను వినినవారు లేరు. తుదకు పరిశీలింపగా దోషము 12వ ఖాతాలోనిది!

ఇట్లేల జరిగినది? “ఇప్పుడు జరుగుచున్న పని” అని వ్రాసికొనుటకు ఆ పనివాండ్రందఱికిని ఒక్కటే చోటు పెట్టియుండిరి. ఒకడు అందు 12 అని వ్రాసి పనిలో దిగెను. ఇంతలో రెండవవాడు దానిని చెఱిపి 37 అని వ్రాసెను. మొదటివాడు తన ఖాతాలో తప్పు కనిపెట్టి, ఆ చోటు చూచి, అక్కడనున్న 37ను చదివి చెప్పెను. మా బడిలో ఐదు తరగతులకు నల్లబల్ల యొక్కటే. అందఱును తమ లెక్కలను దానిమీదనే వేసినచో ఏ తప్పు ఎవరిదో బ్రహ్మకైనను తెలియదు. అందుచేతనే గదా పిల్లవానికొక పలక!

సీ భాషలో ఈ పలక కలదు. 1995లో ఏర్పడిన పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణము, ఒకే తాళపుచెవికి ప్రతి థ్రెడ్డునకు వేరువేరు విలువ నుంచుకొను మార్గము చూపినది. 2011 నాటి సీ ప్రమాణము దీనిని మఱింత సుకరము చేసి, “థ్రెడ్ లోకల్” అను గుర్తును భాషలోనే చేర్చినది. పేరు ముందు ఆ గుర్తుంచినచో, పేరొక్కటియే యైనను చోటు ఎవరిది వారికే యుండును. ఒకడు వ్రాసినది వేఱొకని వ్రాతను చెఱుపదు.

పలక యిచ్చినంతమాత్రమున చాలదు. మూడు నియమములు పాటింపవలెను.

మొదటిది: పని ముగియగనే పలక తుడువవలెను. లేనిచో ఊరక కూర్చున్నవాడు పాతపనిలోనే యున్నట్లు కనబడును.

రెండవది: ఒక పని నడుమ మఱియొక చిన్నపని తగిలినచో, పాతపనిపేరు వేఱుగా దాచుకొని, చిన్నపని తీఱగనే తిరిగి వ్రాసికొనవలెను.

మూడవది: అందఱేమి చేయుచున్నారో చూడగోరు పెద్దకు ఇతరుల పలకలు పేరు పెట్టి పిలిచిన దొరకవు. కావున ప్రతి థ్రెడ్డును పుట్టగనే తన పలక యున్నచోటును ఉమ్మడి పట్టికలో నమోదు చేయించుకొనవలెను, పోవునపుడు కొట్టివేయించుకొనవలెను. థ్రెడ్డుతో దాని పలకయు పోవును గనుక, కొట్టివేయనిచో పెద్ద లేనిదానిని చదువబోవును. వ్రాయువేళ పెద్ద చూచినచో సగము వ్రాతయే కనబడును. అందుచే వ్రాయువారును చూచువారును మ్యూటెక్స్ అను తాళము వేసికొని, పని తీఱగనే తీయవలెను.

ఆ ప్రోగ్రాములో పని నమోదు చేయు భాగమును వ్రాసినది మా మనుమడే. “తాతగారూ, పలక బదులు నల్లబల్ల పెట్టితిని, ఒకని పరువు తీసితిని” అని వాడు తలవంచుకొనెను. “నాయనా, దిద్దుకొంటివా?” అని యడిగితిని. ప్రోగ్రామును దిద్ది, పైయధికారుల యెదుటనే ఆ యువకుని క్షమాపణ వేడితినని చెప్పెను. నాకు మనస్సు కుదుటపడినది.

మహాజనులారా! పంచాయితీలో కూర్చుండి తప్పొప్పులు నిర్ణయించువారు మీరు. యంత్రము వ్రాసినదని కాగితమెవరైన తెచ్చినచో, ఆ వ్రాత ఎవరి పలకమీదిదో ముందు విచారింపుడు. సెలవు.